నాలుక చూసి మాత్రలు ఆపమనకండి: సింగపూర్‌లోని చైనీస్ సంప్రదాయ వైద్యులకు, క్యాన్సర్ డాక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన చైనీస్ సంప్రదాయ వైద్యులకు, క్యాన్సర్ విభాగాల్లో పనిచేసే డాక్టర్లకు, ఈ రెండు వృత్తులనూ పర్యవేక్షించే అధికారులకు,

నమస్కారం. నేను పదకొండేళ్లుగా సింగపూర్‌లో ఉంటున్నాను. ఒక చిన్న కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగం. వైద్యం చదివినదాన్ని కాదు. కానీ గత రెండేళ్లకు పైగా మా ఇంట్లో మాట్లాడుకున్నది ఎక్కువగా ఒకే విషయం గురించి, అది మా ఆయన నాలుక. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంగ్లిష్ ప్రతి మీకు విడిగా పంపాను. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరికైనా క్యాన్సర్ వస్తే, మేము తొక్కిన గడపే వాళ్లూ తొక్కుతారు. అప్పటికి ఈ సంగతులు వాళ్ల చెవిన పడి ఉండాలి.

ముందు జరిగింది చెబుతాను.

2023లో మా ఆయనకు పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. లింఫ్ గ్రంథుల దాకా వెళ్లింది, మూడో దశ అన్నారు. ఆపరేషన్ తర్వాత కేపెసిటాబైన్ అనే కీమో మాత్రలు రాశారు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, తిన్న అరగంటలోపు వేసుకోవాలి. 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. అలా 3 వారాలకు ఒక సైకిల్, మొత్తం 8 సైకిళ్లు.

మూడో సైకిల్‌కి వచ్చేసరికి అరచేతులు, అరికాళ్లు మండి తోలు ఊడడం మొదలైంది. గోళ్లు నల్లబడ్డాయి. నాలుక అంచుల మీద నల్లటి మచ్చలు కనిపించాయి. చేతులు, కాళ్ల సంగతి ఆస్పత్రిలో ముందే చెప్పారు కాబట్టి దానికి సిద్ధంగానే ఉన్నాం. నాలుక గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

మా ఎదురు ఫ్లాట్ ఆంటీ మాకు సొంత మనిషి లాంటిది. ఆపరేషన్ అయినప్పుడు పది రోజులు మా పిల్లవాడికి ఆవిడే అన్నం పెట్టింది. ఆవిడే మమ్మల్ని తనకు తెలిసిన సిన్సే దగ్గరికి తీసుకెళ్లింది. ఇక్కడ చైనీస్ వైద్యుణ్ని అందరూ సిన్సే అనే అంటారు. ఆయన పెద్దాయన. నలభై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు. రెండు చేతుల నాడీ మూడు వేళ్లతో పట్టుకుని చాలాసేపు చూశారు. నిద్ర, ఆకలి, చెమట, విరేచనం అన్నీ అడిగారు. మా ఆయన ఆపరేషన్ తర్వాత అంత తీరిగ్గా ఒక వైద్యుడితో మాట్లాడింది అదే మొదటిసారి. ఆ మాట నేను దాచను.

తర్వాత నాలుక చాపమన్నారు. పైకెత్తి కింద నరాలు కూడా చూశారు. ఆంటీతో చైనీస్‌లో ఏదో అన్నారు. ఆంటీ ముఖం మారిపోయింది. ఆవిడ మాకు చెప్పింది ఇది: రక్తం పాడైంది, కదలకుండా నిలిచిపోయింది, లోపల గడ్డ ఇంకా ఉంది, ఆ మాత్రలు విషం, నాలుక మళ్లీ ఎర్రబడేదాకా వాటికి కొంచెం విశ్రాంతి ఇస్తే మంచిది.

ఇంటికొచ్చి మా ఆయన మాత్రల డబ్బా అల్మారా పైఅరలో పెట్టేశాడు. పేరు రాయని గోధుమరంగు పొడి పొట్లాలు వేడినీళ్లలో కలుపుకుని తాగడం మొదలుపెట్టాడు. అయిదు వారాలు. నేను వద్దన్నాను, గట్టిగా అనలేకపోయాను. అన్నీ అనుభవిస్తున్నది ఆయన ఒళ్లు కదా. రోజూ పొద్దున బాల్కనీలో వెలుతురు చూసి నిలబడి, అద్దం పట్టుకుని నాలుక చాపేవాడు. 'నిన్నటికంటే తగ్గిందా?' అని అడిగేవాడు. నాకు తేడా కనిపించేది కాదు. అయినా తగ్గిందనేదాన్ని. శ్రీకాకుళం నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అత్తయ్య, కొడుకు నాలుక చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆపరేషన్‌కి ముందు కూడా మా ఇంట్లో అంత టెన్షన్ లేదు.

విషయం బయటపడింది ఆస్పత్రి మందుల కౌంటర్ దగ్గర. మాత్రలు మిగిలిపోయాయని ఫార్మసిస్టు లెక్క చూసి అడిగింది. అప్పుడు క్యాన్సర్ డాక్టర్‌కి చెప్పాం. నాలుక నల్లబడడం ఆ మాత్రల వల్లే, ముఖ్యంగా మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటివాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది, ప్రమాదం లేదు అని ఒక్క నిమిషంలో చెప్పేశారు. ఆ ఒక్క నిమిషం మొదటిరోజే దొరికి ఉంటే! తర్వాత మమ్మల్ని తిట్టారు. చదువుకున్నవాళ్లయి ఉండి ఇదేం పని అన్నారు. మా ఆయన తలదించుకుని కూర్చున్నాడు.

మిగతా సైకిళ్లు పూర్తయ్యాయి. ఇప్పటివరకు స్కాన్‌లు బాగానే ఉన్నాయి. కానీ ఆ అయిదు వారాల ఖాళీ ఏం చేసిందో, ఏం చేయలేదో మాకు చెప్పగలిగిన పరీక్ష లేదు. స్కాన్ రోజు దగ్గర పడేకొద్దీ మా ఆయన అదే లెక్క వేసుకుంటాడు.

ఆ క్లినిక్‌కి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఆస్పత్రికి రాస్తే మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని మెయిల్ వచ్చింది, అంతే. ఏడాది చూశాను. ఇక అందరి ముందూ అడుగుతున్నాను.

నేను నాలుక పరీక్షను మూఢనమ్మకం అనడం లేదు. మా దగ్గరా నాలుక చూడని వైద్యుడు లేడు. ఆయుర్వేదంలో ఎనిమిది పరీక్షల్లో నాడితో పాటు జిహ్వ కూడా ఒకటి. ఊళ్లో జ్వరమొస్తే డాక్టర్ మొదట అనే మాట 'ఏదీ, నాలుక చాపు' అనే. మీ సంప్రదాయంలో అది ఇంకా లోతుగా ఎదిగింది. యువాన్ రాజుల కాలంలో, 1341లో, 36 నాలుక బొమ్మలతో ప్రత్యేకంగా ఒక గ్రంథమే వచ్చింది. చూడడం, వినడం, అడగడం, తాకడం అనే నాలుగు పరీక్షల్లో నాలుక చూడడం మొదటిదానిలోకి వస్తుంది. నాలుక కొన గుండెది, పక్కలు కాలేయానివి, మధ్య భాగం కడుపుది, మొదలు మూత్రపిండాలది అని విభజించుకున్నారు. కండ రంగు వేరు, పైన పట్టిన పొర వేరు అని విడదీశారు. ఇవన్నీ నేను ఈ రెండేళ్లలో చదివి తెలుసుకున్నాను. ఇన్ని వందల ఏళ్ల పరిశీలన మీద నాకు గౌరవం ఉంది.

చైనా వైద్యం క్యాన్సర్‌కి ఏమీ ఇవ్వలేదని కూడా అనను. ఒక రకం రక్త క్యాన్సర్‌కి ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న ఆర్సెనిక్ ట్రయాక్సైడ్, 1970ల్లో హార్బిన్‌లో జాంగ్ టింగ్‌డాంగ్ బృందం ఒక నాటు మందు నుంచి వెలికితీసిందే. అమెరికాలో దానికి 2000లో అనుమతి వచ్చింది. కీమో వల్ల వచ్చే వాంతులకు ఆక్యుపంక్చర్ పనిచేస్తుందని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం 1997లోనే చెప్పింది. ఇవి నిలబడ్డాయి, ఎందుకంటే ఎవరికి ఏం జరిగిందో లెక్కపెట్టి చూశారు. మా ఆయన నాలుక విషయంలో అలాంటి లెక్క ఏదీ లేకుండానే ప్రాణాధారమైన మందు ఆగిపోయింది.

ఇక నా విన్నపాలు.

1. కీమో తీసుకుంటున్న మనిషి నాలుక రంగును బట్టి క్యాన్సర్ ఉందని గానీ, పెరిగిందని గానీ, పోయిందని గానీ చెప్పకండి.

మా ఆయనకు ఆ రోజు లోపల గడ్డ ఉందో లేదో చెప్పగలిగినవి స్కాన్, రక్తంలో చూసే సీఈఏ పరీక్ష, పేగు లోపల చూసే కొలనోస్కోపీ. నాలుక చెప్పగలిగింది మాత్రలు ఒంటికి పడుతున్న తీరు మాత్రమే. కేపెసిటాబైన్‌తో నాలుక, గోళ్లు, అరచేతులు నల్లబడతాయి. డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కీమో మందులతోనూ రంగు మారుతుంది. యాంటీబయాటిక్స్ వాడితే నాలుక మీద నల్లటి నూగు లాంటిది పుట్టొచ్చు. ఐరన్, బీ12 తక్కువైతే నాలుక ఎర్రగా నున్నబడుతుంది. నాలుక కింద నరాలు ఉబ్బడం వయసు మీదపడినవాళ్లలో మామూలే. ఇవన్నీ మీ పుస్తకాల్లోని 'నిలిచిపోయిన రక్తం' బొమ్మకీ, 'పొర ఊడిన నాలుక' బొమ్మకీ దగ్గరగానే కనిపిస్తాయి. ఆ బొమ్మలు గీసిన రోజుల్లో ఈ మందులు లేవు.

ఈ మధ్య ఫోన్లో నాలుక ఫోటో తీసి రోగం చెప్పే యాప్‌లు కూడా వచ్చాయి. నాలుక ఫోటోలతో కడుపు క్యాన్సర్‌ని పసిగట్టే కంప్యూటర్ పద్ధతి మీద చైనాలోని పలు ఆస్పత్రులు కలిసి చేసిన అధ్యయనం 2023లో ఈక్లినికల్‌మెడిసిన్ పత్రికలో వచ్చింది. మేము వెళ్లిన సిన్సే గారి క్లినిక్ గోడ మీద అలాంటి కాగితమే ఒకటి అంటించి ఉంది. ఆ పరిశోధన ముందుకు సాగాలనే కోరుకుంటాను. కానీ అది ఎవరికి ఇంకా పరీక్షలు చేయాలో ముందుగా గుర్తించడానికి ఉద్దేశించింది. ఆపరేషన్ అయి మాత్రల మీద ఉన్న మనిషికి మందు ఆపమని చెప్పడానికి అది ఆధారం కాదు.

2. మా నాలుకలు మీ బొమ్మల్లోని నాలుకల్లా ఉండవు. దయచేసి అది నేర్చుకోండి.

ఈ విషయం ఎవరూ మాట్లాడగా నేను వినలేదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మీ పాఠ్యపుస్తకాల్లో ఆరోగ్యమైన నాలుక అంటే లేత ఎరుపు, పైన పల్చని తెల్లపొర. మా వాళ్లలో చాలామందికి పుట్టుకతోనే చిగుళ్ల మీద, నాలుక మీద నల్ల మచ్చలుంటాయి. అవి ఎంత మామూలంటే మా భాషలో దాని మీద ఒక మాటే ఉంది. ఎవరైనా అన్నది అన్నట్టు జరిగితే 'నీ నాలుక మీద మచ్చ ఉందా ఏంటి' అంటాం. మా అత్తయ్య నాలుక మీద అలాంటి మచ్చలు మూడున్నాయి. ఆవిడకు డెబ్బై రెండేళ్లు, ఏ జబ్బూ లేదు.

రెండోది, మేము రోజూ పొద్దున పళ్లు తోముకుని నాలుక గీసుకుంటాం. చిన్నప్పుడు మా ఊళ్లో వేపపుల్ల రెండుగా చీల్చి దానితోనే గీసుకునేవాళ్లం, ఇప్పుడు స్టీలు బద్ద. మీ విద్యార్థులకు మీరే చెబుతారట, రోగి నాలుక గీసుకుని రాకూడదని, ఏదైనా తిన్న వెంటనే చూడకూడదని, పగటి వెలుతురులోనే చూడాలని. మా ఆయన ఆ రోజు శుభ్రంగా నాలుక గీసుకుని, పసుపు వేసిన పప్పు తిని, కాఫీ తాగి, ట్యూబ్‌లైట్ కింద కూర్చున్నాడు. పొర లేదు కాబట్టి కడుపులో సారం ఎండిపోయిందన్నారు. నాలుక గీసుకున్నావా అని ఎవరూ అడగలేదు. అడగాల్సింది మీ శాస్త్రం ప్రకారమే.

సింగపూర్‌లో చైనీస్, మలయ్, తమిళ, తెలుగు, ఫిలిపినో మనుషులందరూ ఒకే మెడికల్ హాల్ (చైనీస్ మందుల దుకాణం) మెట్లెక్కుతున్నారు. మీ శిక్షణలో అందరి నాలుకల బొమ్మలూ ఉండాలి.

3. మాత్రలు ఆపాలని మీకు అనిపిస్తే ఆ మాట రోగితో అనకండి. క్యాన్సర్ డాక్టర్‌కి రాయండి.

క్యాన్సర్ రోగికి 'కొన్నాళ్లు విశ్రాంతి' అనే మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో పక్కన కూర్చున్న నాకు తెలుసు. అరికాళ్లు నేలకు ఆనించలేని మనిషికి అది దేవుడి మాటలా ఉంటుంది. ఆ మాటకి ఎంత మూల్యమో చూపించే లెక్కలున్నాయి. అమెరికాలో 281 మంది రోగులు, క్యాన్సర్ ఇంకా దూరాలకు పాకకముందే, మామూలు చికిత్స వదిలి ప్రత్యామ్నాయ వైద్యం మీదే ఆధారపడ్డారు. చికిత్స తీసుకున్నవాళ్లతో పోలిస్తే వాళ్లలో చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు ఉంది. రొమ్ము క్యాన్సర్‌లో అయితే అయిదు రెట్లు దాటింది. ఇది 2018లో వచ్చిన అధ్యయనం. అదే ఏడాది అదే బృందం ఇంకొకటి చేసింది. ఈసారి మామూలు చికిత్సతో పాటు వేరే వైద్యం కూడా చేయించుకున్న 258 మందిని చూశారు. వాళ్లలోనూ ప్రమాదం రెండు రెట్లు ఉంది. కారణం ఏమిటని తవ్వితే, వాళ్లలో చాలామంది సర్జరీనో, కీమోనో, రేడియేషన్‌నో, హార్మోన్ మాత్రలనో వద్దనుకున్నవాళ్లు. వైద్యం పక్కన వైద్యం పెట్టుకోవడంలోనే ప్రమాదం ఉందని కాదు, ఒకటి ఇంకోదాన్ని పక్కకు నెట్టినప్పుడు ప్రమాదం వచ్చింది. మా ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే.

చైనాలోనే 2016లో షూ టింగ్ అనే యువనటి లింఫోమా అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కి కీమో వద్దనుకుని మొదట సంప్రదాయ వైద్యానికి వెళ్లారు. తర్వాత కీమో మొదలుపెట్టారు గానీ ఆలస్యమైంది. 26 ఏళ్లకే పోయారు. అక్కడి జనం దాని మీద ఎంత బాధగా వాదించుకున్నారో మీకు నాకంటే బాగా తెలుసు.

4. మాకు అర్థమయ్యే భాషలో చెప్పండి. చెప్పింది కాగితం మీద పెట్టండి.

తర్వాత తర్వాత నాకు తెలిసింది. మీరు 'శ్వే యూ' అంటే అది మీ శాస్త్రంలో ఒక స్థితి పేరు, రక్తప్రసరణ మందగించిందని. 'దూ' అంటే విషం అని అర్థమే గానీ, మీ వాడుకలో ఒంట్లో పేరుకున్న దోషానికి కూడా ఆ మాటే వాడతారు. ఆ సిన్సే గారు నిజంగా గడ్డ ఇంకా ఉందన్నారో, రక్తం మందగించిందన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మాత్రలు విషమన్నారో, ఒంట్లో విషం ఉందన్నారో కూడా తెలియదు. మాత్రలకు విశ్రాంతి ఇమ్మన్నది మాత్రం ఖాయం. అది ఆయన స్వయంగా, వచ్చీరాని ఇంగ్లిష్‌లో, చేత్తో సైగ చేసి మరీ చెప్పారు. మిగతాదంతా ఆంటీ నోటి మీదుగా వచ్చింది. ఆవిడ మందులు తెలిసిన మనిషి కాదు, మమ్మల్ని ప్రేమించిన మనిషి. భయపడింది, ఆ భయాన్నే మాకు అనువదించింది. ఆవిడ తప్పు ఇందులో ఏమీ లేదు. ఇప్పటికీ మా ఇంటి గుమ్మం దగ్గరికొచ్చి ఆ సంగతి తలుచుకుని కళ్లు తుడుచుకుంటుంది.

ఇలాంటి మాట పొరుగింటివాళ్ల నోటి మీదుగా రోగికి చేరకూడదు. నాలుకలో ఏం చూశారో, దాన్నిబట్టి ఏం అనుకుంటున్నారో, ఏం చేయమంటున్నారో నాలుగు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాసి ఇవ్వండి. దాన్ని క్యాన్సర్ డాక్టర్‌కి చూపించగలిగేలా ఉండాలి.

5. పొట్లాల మీద మూలికల పేర్లు, ఎన్ని గ్రాములో ఉండాలి.

మాకిచ్చిన పొట్లాల మీద మా ఆయన ఇంటిపేరు, రోజుకు రెండు అని తప్ప ఏమీ లేదు. ఆస్పత్రిలో ఏం తాగారని అడిగితే చెప్పలేకపోయాం. దాన్‌షెన్, దాంగ్‌గుయ్ లాంటి మూలికలు, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ మాత్రలతో కలిస్తే రక్తస్రావం అవ్వొచ్చు. అతిమధురం ఎక్కువైతే రక్తంలో పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. హషోవూ అనే దుంప కొందరి కాలేయాన్ని దెబ్బతీసింది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడడానికి ఒక మూలికకు బదులు పొరపాటున ఇంకో మూలిక ఇచ్చారు. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం వల్ల ఎంతోమంది మూత్రపిండాలు పోయాయి, వాళ్లలో కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. కీమోతో అప్పటికే కాలేయం, కిడ్నీలు అలసిపోయి ఉన్నవాళ్లకు పేరు లేని పొడి ఇవ్వడం ఎంత ప్రమాదమో మీకు వేరే చెప్పాలా?

6. తెల్లపొర, మానని పుండు, జ్వరం. ఈ మూడింటిలో ఏది కనిపించినా మందివ్వకుండా వెంటనే ఆస్పత్రికి పంపండి.

కీమోలో ఉన్నవాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు నాలుక మీద పెరుగు పులిసినట్టు తెల్లగా పడితే అది చాలాసార్లు ఫంగస్. మాకు తెలిసిన ఒక అమ్మాయికి దాన్ని కడుపులో చలువ, తేమ అని చెప్పి మూడు వారాలు కషాయం తాగించారు. ఆ మూడు వారాలూ ఆమె మింగలేక మజ్జిగ మీద బతికింది. ఆస్పత్రిలో ఇచ్చిన మందుతో వారంలో తగ్గిపోయింది. కీమో రోగికి 38 డిగ్రీల జ్వరం వస్తే అది రాత్రయినా ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సిన విషయం. తెల్లకణాలు పడిపోయినప్పుడు గంటలు కూడా లెక్కే. ఆ పడిపోవడం నాలుక మీద కనిపించదు.

పుండు గురించి ఇంకో మాట. మా శ్రీకాకుళం, విశాఖ వైపు పాత తరం ఆడవాళ్లు చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేవాళ్లు. అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని అక్కడ చాలాకాలం కిందే పరిశోధనలు జరిగాయి. మా అత్తయ్య వాళ్ల అత్తగారు అలాగే పోయారట. గుట్కా, ఖైనీ నమిలేవాళ్లు ఈ ఊళ్లో నిర్మాణ పనుల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. నోట్లో తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, మూడు వారాలు దాటినా మానని పుండు కనిపెట్టడానికి మీకంటే మంచి చోట ఉన్నవాళ్లు ఎవరూ లేరు. రోజూ ఎన్ని వందల నాలుకలు చూస్తారు మీరు! ఆ చూపుతో నిజంగా ప్రాణాలు కాపాడొచ్చు. అలాంటివాళ్లని దంతవైద్యుడి దగ్గరికో, ఆస్పత్రికో పంపితే చాలు.

7. క్యాన్సర్ డాక్టర్లకు: మొదటిరోజే అడగండి. తిట్టకండి.

తప్పంతా సిన్సే గారి మీద నెట్టేస్తే అది అబద్ధమవుతుంది. ఆయనిచ్చిన నలభై నిమిషాలు మీరు ఇవ్వలేదు. ఇవ్వలేరని తెలుసు, బయట క్యూ ఎంత ఉంటుందో నేనూ చూశాను. కానీ మొదటి సైకిల్ ముందు రెండు మాటలు చెప్పండి. నాలుక, గోళ్లు నల్లబడొచ్చు, కంగారు పడకండి అని. వేరే వైద్యం ఏమైనా చేయిస్తున్నారా, చేయిస్తే పొట్లం పట్టుకురండి, ఏమీ అనను అని. మీరు కోప్పడతారని భయపడే మనుషులు దాస్తారు. మేమూ అందుకే దాచాం. ఆ రోజు మా ఆయన మీ ముందు తల దించుకున్నాక, తర్వాతి రెండు విజిట్లలో నొప్పి గురించి కూడా నోరు విప్పలేదు.

అప్పుడప్పుడు నాలుక మీరూ చూడండి. కంప్యూటర్ తెర మీద రిపోర్టు ఉంటుంది, నోట్లో పుండ్లు ఉండవు.

8. అధికారులకు.

ఇక్కడ చైనీస్ సంప్రదాయ వైద్యులకు 2000లో చట్టం వచ్చింది. ఆ తర్వాతే అందరూ బోర్డులో నమోదు చేయించుకోవాల్సి వచ్చింది. మందులతో క్యాన్సర్ తగ్గిస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని కూడా ఈ దేశంలో నిబంధన ఉంది. మంచిదే. కానీ గోడ మీద రాయకూడని మాట గదిలో తలుపేసి చెప్పొచ్చా? క్యాన్సర్ చికిత్సలో ఉన్న రోగి వస్తే ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు అన్నది విడిగా ఒక పేజీలో, ఇంగ్లిష్, చైనీస్, మలయ్, తమిళ భాషల్లో రాసి ప్రతి మెడికల్ హాల్‌లోనూ పెట్టించండి. రెండు పక్షాల వైద్యులూ ఒకరికొకరు రాసుకోవడానికి ఒక ఫారం తయారుచేయండి. క్లినిక్‌కి ఫిర్యాదు ఇస్తే ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో గడువు పెట్టండి. నాకు శిక్షలు, జరిమానాలు అక్కర్లేదు. ఆ పెద్దాయన కొలువు పోవాలని నేను ఏ రోజూ కోరుకోలేదు.

ఈ ఉత్తరంతో పాటు మూడు ఫోటోలు పంపుతున్నాను. ఒకటి మూడో సైకిల్ నాటి మా ఆయన నాలుక. రెండోది చికిత్స పూర్తయిన ఏడాదికి తీసింది, మచ్చలు చాలావరకు పోయాయి, ఏ పొడీ తాగకుండానే. మూడోది మా అత్తయ్య నాలుక, పుట్టుమచ్చలతో. మీ విద్యార్థులకు చూపించుకోవచ్చు, ఇద్దరి అనుమతీ తీసుకునే పంపుతున్నాను. ముఖాలు కనిపించవు.

జవాబు చైనీస్‌లో రాసినా ఫర్వాలేదు. ఎదురింటి ఆంటీ చదివి పెడతానంది.

ఇట్లు,
ఒక రోగి భార్య
సింగపూర్